అడగవలసిన మనిషి

భిలాయి సెక్టర్ 6లో ఉండే చినబాబు కోడలు రోహిణి ఒక గురువారం ఉదయం చిన్న సూట్‌కేసు సర్దుకుని, "రెండ్రోజులు మమ్మీ దగ్గర ఉండి వస్తాను అత్తయ్యా" అని చెప్పి, ఆటో ఎక్కి వైశాలి నగర్‌లోని పుట్టింటికి వెళ్లింది. పెళ్లయి అప్పటికి నాలుగు నెలలు. వెళ్లేటప్పుడు ఏడవలేదు, తలుపు గట్టిగా వేయలేదు, అత్తగారి కాళ్లకు దణ్ణం కూడా పెట్టింది. రెండ్రోజులు పోయి వారం దాటినా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ రజనీకుమారి ఎత్తి, "పడుకుందండీ" అనేది. పొద్దున చేసినా అదే మాట, మధ్యాహ్నం చేసినా అదే మాట. ఏ మనిషీ అంతసేపు పడుకోదు కాబట్టి, మాట్లాడటం ఇష్టం లేకే అలా చెప్పిస్తోందని చినబాబు తేల్చుకున్నాడు.

చినబాబు కిందటి చలికాలంలోనే స్టీలు ప్లాంటు నుంచి రిటైరయ్యాడు. కుర్రతనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, సైకిలు మీద షిఫ్టులకు తిరుగుతూ, బొగ్గు మండించే కోక్ ఓవెన్లలో ముప్పయ్యేళ్లకు పైగా చేశాడు. ఏదైనా పాడైతే ముందు దాని పక్కన నిలబడ్డ మనిషిని పట్టుకోవాలన్నది ఆయన నమ్మకం. ఇంట్లో కోడలి పక్కన ఎక్కువసేపు నిలబడే మనిషి ఆయన భార్య సింహాచలమ్మ. విచారణ ఆవిడతోనే మొదలైంది.

"నిజం చెప్పు. పిల్లని ఏటన్నావు?"

సింహాచలమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది. "నానేటంటాను? చిక్కుడుకాయ తింటావా అన్నాను. తింటానన్నాది."

"ఎలాగన్నావు?"

"ఎలాగేటండీ, నోటితోనే."

"అదే మరి. నువ్వు మామూలుగా అన్నా తిట్టినట్టే ఉంటాది. నాకంటే అలవాటయిపోనాది. కొత్తపిల్ల, దానికేటి తెలుస్తాది?"

సింహాచలమ్మ కాయలు పక్కన పెట్టి ఆలోచించింది. నాలుగు నెలల్లో తను కోడలితో అన్న మాటలన్నీ వెతుక్కుంది. పులుసులో ఉప్పు తక్కువైందని ఒకసారి అంది. ఆ పులుసు తను పెట్టిందే.

"నాకైతే ఏటీ తోచట్లేదండీ."

"తోచదు. చేసినోళ్లకి తోచదు" అన్నాడు చినబాబు.

కోడలంటే ఆయనకు ప్రాణం. రిటైరైనా మొదటి షిఫ్టు మెలకువ ఆయన్ను వదల్లేదు. ఇంకా చీకటి ఉండగానే లేచి, అల్లం దంచి టీ పెట్టి, కోడలి గది తలుపు తట్టేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆ అమ్మాయి, "టీ చాలా బాగుంది మావయ్యగారూ" అంది. ఆ ఇంట్లో ఆయన టీ గురించి అంతకుముందు ఎవరూ ఏమీ అనలేదు. ఆనాటి నుంచి ఒక్కరోజు మానలేదు. ఇద్దరూ వరండాలో కూర్చుంటే, ఓవెన్ తలుపు ఇరుక్కుపోయినప్పుడు ఏం చేసేవాళ్లో, ఏ ఫోర్‌మన్ ఎవరిమీద కేకలేసేవాడో చెప్పేవాడు. రోహిణి భిలాయిలోనే పుట్టిపెరిగింది. హిందీ వచ్చినంతగా తెలుగు రాదు. అందుకని ఎక్కువగా "అవునా" అంటూ వినేది. అంత బాగా వినే మనిషిని చినబాబు జీవితంలో చూడలేదు. తెల్లగా తెల్లవారాకే వదిలేవాడు.

రోహిణి పుణేలోని ఒక కంపెనీకి ఇంటినుంచే లెక్కల పని చేస్తుంది. మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చుంటే అర్ధరాత్రి దాటాకే లేస్తుంది. కూర్చుని చేసే పని కాబట్టి అందులో అలసట ఉండదని చినబాబు అభిప్రాయం.

కొడుకు సతీష్‌కుమార్ కోర్బాలో కరెంటు తయారుచేసే కార్ఖానాలో ఇంజనీరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుతూనే వెళ్లిపోతాడు. ఆ రోజుల్లో అక్కడ యంత్రాలు ఆపి రిపేర్లు చేస్తున్నందువల్ల వరుసగా రెండు శనివారాలు రాలేదు. రోహిణి పుట్టింటికి వెళ్లిందని చెబితే "ఠీక్ హై" అన్నాడు. రోజూ ఆమెతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. బాగానే ఉన్నానంది. అతనికీ బాగానే ఉంది.

చినబాబు వాళ్ల పక్క క్వార్టరులో శౌరి ఉంటాడు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు పాదిరీ అవుదామని సెమినరీలో చేరి, మూడేళ్లకే మనసు మార్చుకుని బయటపడి, ఎవరో బంధువు పిలిస్తే భిలాయి వచ్చి చినబాబుతో పాటే కోక్ ఓవెన్లలో చేరాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి డిపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ను "ఫాదర్" అనేవారు. పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నా ఆ పేరు పోలేదు. ఇప్పుడు భార్య డైసీతో ఉంటున్నాడు. సెమినరీలో లాటిన్ వ్యాకరణం వంటబట్టాలని పాత రోమన్ హాస్యనాటకాలు చదివించేవారు. మిగతా చదువంతా మరిచిపోయినా ఆ నాటకాలు మాత్రం శౌరిని విడిచిపెట్టలేదు. ఆ ధోరణిలో సొంతంగా ఒక నాటిక అల్లి, తెలుగు సంఘం వార్షికోత్సవానికి తయారుచేస్తున్నాడు. వీధి, ఎదురుబొదురుగా రెండు తలుపులు, పుట్టింటికి వెళ్లిపోయిన ఒక కోడలు, ఇద్దరు ముసలి వియ్యంకులు. చినబాబుకు ముసలి మామగారి వేషం ఇచ్చాడు.

చినబాబు సలహా అడగడానికి ఆయన దగ్గరికే వెళ్లాడు. సింహాచలమ్మ కరివేపాకు కోసుకునే నెపంతో గోడ దగ్గర నిలబడింది.

"ఆ నాటకాల్లో ఇలాగ కోడలు ఎళ్లిపోతే ఏటి చేస్తారు ఫాదర్?"

"ఏముంది? ముసలాడు ముందు పెళ్లాన్ని తిడతాడు. ఆ తర్వాత ఎదురింటి ముసలాడి దగ్గరికి పోతాడు. వాళ్లిద్దరూ కలిసి ఇంకొంచెంసేపు పెళ్లాల్ని తిడతారు. అందరూ అందర్నీ అడుగుతారు, అడగాల్సిన మనిషిని తప్ప. అందుకే నాటకం అంతసేపు నడుస్తుంది."

"ఆఖరికి?"

"ఆఖరికి కాపురం నిలబడుతుంది. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు."

గోడ అవతల నుంచి సింహాచలమ్మ అడిగింది. "రెండువేల ఏళ్ల కిందట కూడా అత్తగార్నే తిట్టేవారేటి శౌరిగారూ?"

"అప్పుడూ అంతేనమ్మా. నాటకం సగందాకా."

"సగందాకేనా? నయమే" అని ఆవిడ కరివేపాకు తీసుకుని లోపలికి వెళ్లింది.

శౌరి చెప్పినదాంట్లో చినబాబుకు పనికొచ్చే మాట ఒక్కటే కనిపించింది. ఎదురింటి ముసలాడి దగ్గరికి పోవడం. ఆయన వియ్యంకుడు ఎదురింట్లో లేడు, వైశాలి నగర్‌లో ఉన్నాడు. మర్నాడే వెళ్లాడు.

రోహిణి తండ్రి యజ్ఞనారాయణ రైల్వేలో గూడ్స్ బళ్లు నడిపి రిటైరైన మనిషి. విజయనగరం వైపు వాళ్లు. వియ్యంకుడిని కూర్చోబెట్టాడు గాని ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"పిల్ల ఏదండీ బావగారూ?"

"పడుకున్నాది."

చినబాబు గోడ గడియారం వైపు చూశాడు. పదకొండు దాటింది. మూసిన తలుపు వైపు చూశాడు.

"వచ్చిన కాడి నుంచీ నిద్రేనండి" అన్నాడు యజ్ఞనారాయణ. "ఆఫీసుకి సెలవు పెట్టి మరీ పడుకుంటన్నాది. అన్నానికి లేపితే తిని మళ్లీ పడుకుంటన్నాది. డబుల్ డ్యూటీ చేసొచ్చిన ఫైర్‌మన్లు ఇలాగ పడుకోడం చూసినాను గాని, ఆడపిల్లని చూళ్లేదు. మీ ఇంట్లో దాన్చేత ఏటి పని చేయిస్తన్నారండీ?"

చినబాబుకు కోపం వచ్చింది. "మా ఇంట్లోనా? గ్లాసు తీసి ఇటునుంచి అటు పెట్టనివ్వం. తెల్లారితే నా చేత్తో నానే టీ పెట్టి ఇస్తన్నానండీ!"

"టీ ఇస్తే ఇచ్చినారు. ఆ తర్వాత సంగతి నానడుగుతన్నాను."

మాట పెరిగేలోపు రజనీకుమారి మజ్జిగ గ్లాసులతో వచ్చి, భర్త ఫోన్ మోగి పక్కకు వెళ్లగానే గొంతు తగ్గించింది. "ఆయన మాటలు పట్టించుకోకండి అన్నయ్యగారూ. మగాళ్లకేటి తెలుస్తాది? ఇంత నిద్ర, ఇంత నీరసం… పిల్ల ఇంకా నాకు చెప్పలేదు. సిగ్గుపడతన్నాదేమో. నానూ కదపలేదు." అని నవ్వింది.

చినబాబుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. తిరుగు దారిలో సుపేలా బజారులో ఆటో ఆపించి పాలకోవా పేడాలు కొన్నాడు.

ఆ మధ్యాహ్నం సింహాచలమ్మ చాలా సంతోషంగా ఉంది. కోడలు తనవల్ల వెళ్లలేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ట్రంకుపెట్టె తెరిచి, మెత్తబడ్డ పాత నేతచీరలు తీసి, పసిపిల్లల బొంతకు ఏవి పనికొస్తాయో చూసి పక్కన పెట్టింది. చినబాబు వీధిలో పేడాలు పంచి వచ్చాడు. సాయంత్రం రజనీకుమారి ఫోన్ చేసింది. పిల్ల లేచాక నెమ్మదిగా అడిగిందట. "అరే నహీ మమ్మీ, నాకు నిద్ర వస్తోంది అంతే" అందట.

చినబాబు ఫోన్ పెట్టేశాడు. పేడాలు వెనక్కి తెచ్చుకునే పద్ధతి ఏదీ లేదు. అలాంటప్పుడు కోడలు వెళ్లడానికి కారణం మళ్లీ మొదటి కారణమే అయింది.

"నువ్వు ఏదో అనే ఉంటావు" అన్నాడు.

సింహాచలమ్మ చీరలు మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేసింది.

ఆదివారం సాయంత్రం శౌరి ఇంటి ముందు ఖాళీ జాగాలో రిహార్సల్ జరిగింది. కుర్చీలు వేసుకుని వీధివాళ్లంతా చూస్తున్నారు. సింహాచలమ్మ కూడా వెళ్లి డైసీ పక్కన కూర్చుంది. ముసలి మామగారు వీధిలోకి వచ్చి, కోడలు వెళ్లిపోయినందుకు పెళ్లాన్ని తిట్టే ఘట్టం. శౌరి రాసిన డైలాగు రెండు వాక్యాలే. చినబాబు ఆ రెండూ చెప్పి ఆగలేదు. చెయ్యెత్తి, సొంతంగా మొదలుపెట్టాడు.

"ఇంట్లోంచి కోడలు ఎళ్లిపోయిందంటే అత్త తప్ప ఎవరే కారణం? నానా? టీ ఇచ్చినవాడినా? కూతుర్లాగ చూసుకున్నవాడినా? ముప్పయ్యేళ్లు నీ నోరు నాను భరించినాను. ఆ పిల్ల నాలుగు నెలలు భరించలేకపోనాది!"

అద్భుతంగా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతూ ఒకరిద్దరు వెనక్కి తిరిగి సింహాచలమ్మ వైపు చూశారు. ఒకరిద్దరు చూస్తే మిగతావాళ్లూ చూశారు. డైసీ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. సింహాచలమ్మ చెంగు సర్దుకుని కూర్చుంది. మధ్యలో లేచిపోతే ఇంకా బాగోదని చివరిదాకా ఉంది.

మర్నాడు పొద్దున పప్పు, కూర వండి మూతలు పెట్టి, భర్త ముందు నిలబడింది. చేతిలో సంచీ ఉంది.

"కుమ్హారి ఎళ్తన్నాను. కన్నమ్మ దగ్గర ఉంటాను." కన్నమ్మ ఆవిడ చెల్లెలు.

"ఎందుకు?"

"నానుంటే పిల్ల రాదంటన్నారు గదా. నాను లేకపోతే వస్తాది. వచ్చినాక మీరూ మీరూ బాగుండండి. సతీష్ బాబుని అడిగినానని చెప్పండి."

కోపంగా చెప్పలేదు. పాలవాడికి రేపు రావద్దని చెప్పినట్టు చెప్పింది. చినబాబు లేచి నిలబడేలోపు ఆవిడ గేటు దాటింది.

సాయంత్రానికి ఆయనకు ఇల్లు నచ్చలేదు. రాత్రి అన్నం చల్లగా తిన్నాడు. తెల్లవారకముందే మామూలుగా లేచి, అలవాటుకొద్దీ రెండు గ్లాసుల టీ పెట్టి, రెండో గ్లాసు ఎవరికివ్వాలో తోచక గోడ దాటి వెళ్లి శౌరి తలుపు తట్టాడు. శౌరి లేచి, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని పరుగున వచ్చి తలుపు తీశాడు. చినబాబు టీ ఇచ్చి, కూర్చుని, తెల్లగా తెల్లవారేదాకా తన కష్టం చెప్పుకున్నాడు. స్నేహితుడు దుఃఖంలో ఉన్నాడని శౌరి విన్నాడు. మర్నాడు కూడా విన్నాడు.

ఆ రెండు రోజుల్లో చినబాబుకు కొత్త ఆలోచన ఒకటి వచ్చింది. ఇప్పుడు వెళ్లిపోయింది సింహాచలమ్మ. ఆవిడ వెళ్లడానికి కారణం రోహిణి వెళ్లడం. అలాగైతే తప్పు వైశాలి నగర్‌ది. యజ్ఞనారాయణకు ఫోన్ చేశాడు.

"మీ అమ్మాయి మూలంగా నా భార్య ఇల్లొదిలీసి కుమ్హారి ఎళ్లిపోనాది బావగారూ. ఇదేటి పెంపకమండీ?"

"మొన్న మీ ఆవిడది తప్పన్నారు. ఇయ్యాల మా పిల్లది తప్పంటన్నారు. రేపు ఎవరిది?" అన్నాడు యజ్ఞనారాయణ.

"రేపు సంగతి రేపు చూద్దాం" అని చినబాబు ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ స్పీకరు మీద ఉండటంతో ఆ మాటలు రోహిణి విన్నది. ఆమె అప్పటికి బాగా తేరుకుంది. కళ్లకింద నలుపు పోయింది. సోమవారం వెళ్లిపోదామని రెండుసార్లు అనుకుని, ఆ ఇంట్లో తెల్లవారుజాము గుర్తొచ్చి రెండుసార్లూ ఆగిపోయింది. అత్తగారు తనవల్ల ఇల్లు వదిలిందని వినగానే మంచం మీద నుంచి లేచి చెప్పులు వేసుకుంది.

"కహాఁ జా రహీ హై?" అని తల్లి అడిగింది. వాళ్లింట్లో కంగారు వస్తే హిందీయే వస్తుంది.

"కుమ్హారి."

కన్నమ్మ ఇల్లు హైవేకి దగ్గర. లారీ పోయినప్పుడల్లా కిటికీ రెక్కలు గలగలమంటాయి. రోహిణి వెళ్లేసరికి ఎండ బాగా ఎక్కింది. కన్నమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"పిన్నీ, అత్తయ్య ఎక్కడ?"

"పడుకున్నాదమ్మా" అంది కన్నమ్మ దిగులుగా. "వచ్చిన కాడి నుంచీ నిద్రే. ఈ లారీల చప్పుడులో నాకే పట్టదు, అదెలా పడుకుంటన్నాదో. మనసులో బెంగేమో. డాక్టరుకి చూపించమంటావా?"

రోహిణి లోపలికి వెళ్లింది. సింహాచలమ్మ చాప మీద, చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. రోహిణి పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. అలాంటి నిద్ర ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు తెలుసు.

సింహాచలమ్మ కళ్లు తెరిచి, కోడల్ని చూసి గబగబా లేచి కూర్చుంది. "ఏటమ్మా, నువ్విక్కడికొచ్చినావు? ఇంటికెళ్లలేదేటి? నీకోసమే గదా నానిటొచ్చినాను!"

"మీరు నన్ను ఏమీ అనలేదు అత్తయ్యా. కభీ నహీ. అందరికీ ఎందుకు అలా అనిపించింది?"

"మరెందుకెళ్లినావే తల్లీ?"

రోహిణి చేతి గాజులు తిప్పుకుంది. "మీరు మావయ్యగారికి చెప్పకూడదు."

"చెప్పను."

"నిద్ర కోసం."

రోహిణికి ఒక్కసారి మాటలు వచ్చేశాయి. తెలుగు చాలనిచోట హిందీ వేసి చెప్పింది. రాత్రి పని అయి పడుకునేసరికి ఒంటిగంట, కన్ను మూయగానే తలుపు చప్పుడు, టీ. టీ బాగుంటుంది. మావయ్యగారు ఎంతో ప్రేమగా తెస్తారు. వద్దంటే ఆయన ముఖం ఎలా అయిపోతుందో తలుచుకుంటే నోరు రాదు. ఇంట్లో ఎవరూ తన మాట వినరని, నువ్వొక్కదానివే వింటున్నావని ఆయన అన్నారు. అప్పట్నుంచి మరీ కష్టమైపోయింది. ఒకరోజు ఆఫీసు మీటింగులో కళ్లు తెరిచే నిద్రపోయింది. మమ్మీకి చెబితే డాడీకి చెబుతుంది, డాడీ ఫోన్ చేసి గొడవ పెడతాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

అంతా విని సింహాచలమ్మ చాప అంచు గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకు తెలుసమ్మా."

"క్యా?"

"తలుపు కొట్టడం రోజూ ఇంటన్నాను. పెళ్లయిన కాడి నుంచీ ఆ టైముకి నన్నే లేపేవోడు. షిఫ్టు లేకపోయినా లేపేవోడు. టీ పెట్టాలి, కబుర్లినాలి. నువ్వొచ్చినాక నన్ను లేపడం మానీసినాడు. ఆయనే టీ పెట్టుకుంటన్నాడు, నీకిస్తన్నాడు. నాను దుప్పటి కప్పుకుని ఆరు దాకా పడుకున్నాను. ముప్పయ్యేళ్లలో మొదటిసారి. నువ్వు కుర్రదానివి, నీకు సరదాగానే ఉందేమో అనుకున్నాను. అలాగనుకుంటే నాకు బాగుంది. నువ్వెళ్లిపోయినాక మళ్లీ నన్నే లేపడం మొదలెట్టినాడు. అందరూ నీదే తప్పు నీదే తప్పంటే, ఏటి తప్పు చేసినానో అని తెగ ఎతుక్కున్నాను. ఇదిగో, ఇది."

రోహిణి అత్తగారి చెయ్యి పట్టుకుంది. కన్నమ్మ అన్నానికి పిలిచింది. తిని, ఇద్దరూ పక్కపక్కన పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయారు. కన్నమ్మకు భయం ఇంకా ఎక్కువైంది.

మర్నాడు ఇద్దరూ కలిసి సెక్టర్ 6లో ఆటో దిగారు. వాళ్లను మొదట చూసింది శౌరి. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వచ్చావా అమ్మా! ప్రభువు ఉన్నాడు" అన్నాడు సింహాచలమ్మతో. ఆ గొంతులో ఉన్న భక్తికి ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఇవాళ కూడా వచ్చాడు మీ ఆయన. టీ తీసుకుని" అన్నాడు.

సింహాచలమ్మ ఆయన కళ్లు చూసింది. కోడలికిచ్చిన మాట తప్పక తప్పదని అక్కడే నిర్ణయించుకుంది.

చినబాబు ఇద్దర్నీ ఒకేసారి గుమ్మంలో చూసి చాలా సంతోషించాడు. ఎవరిది తప్పో తేలకుండానే ఇద్దరూ వచ్చేసినందుకు కొంచెం అసంతృప్తి కూడా కలిగింది. రోహిణి స్నానానికి వెళ్లింది. సింహాచలమ్మ ఆయన్ను వంటింట్లోకి పిలిచి, పీట మీద కూర్చోబెట్టింది.

"నన్నడిగినారు. ఆళ్ల నాన్ననడిగినారు. శౌరిగారినడిగినారు. ఎందుకెళ్లినావమ్మా అని ఆ పిల్లనడిగినారా?"

"పడుకున్నాదన్నారు గదా."

"అదేనండీ కారణం."

చినబాబుకు తెలియలేదు. ఆవిడ అంతా చెప్పింది. ఏమీ దాచలేదు, తన దుప్పటి సంగతితో సహా. చినబాబు వింటూ వింటూ పొయ్యి మీద టీగిన్నె వైపు చూశాడు.

"బాగుందన్నాది మరి" అన్నాడు చివరికి.

"టీ బాగుంది. ఏళ బాగోలేదు."

"నా కబుర్లు ఇన్నాది. అవునా, అవునా అన్నాది."

సింహాచలమ్మ ఆయన ముఖం చూసి, చెప్పకుండా ఉండవలసిందేమో అనుకుంది. చినబాబు లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. ముప్పయ్యేళ్లుగా ఆ వేళకు ఎవరో ఒకరు తనతో మేలుకునే ఉన్నారు. మేలుకోవడం వాళ్లకూ ఇష్టమేనని ఆయన అనుకుంటూ వచ్చాడు. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

రోహిణి బయటికి రాగానే ఆమె ముందుకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు. సిగ్గువల్ల ఆయనకు కోడలితో మాట్లాడే మర్యాద కూడా తారుమారైంది.

"మీకు చాలా ఇబ్బంది కలిగించినానండీ" అన్నాడు.

రోహిణి బెదిరిపోయింది. "మావయ్యగారూ, ప్లీజ్, ఐసా మత్ బోలియే. నన్ను అండీ అనకండి."

"మరేటనాలమ్మా?"

"ఏమీ అనకండి. ఐదు గంటలకు సాయంత్రం టీ పెట్టండి. నాకు అప్పుడు బ్రేక్ ఉంటుంది. కథలు కూడా అప్పుడు చెప్పండి. కొంచెం హిందీ కలిపి చెప్పండి. ఇంతవరకు నాకు సగమే అర్థమైంది."

చినబాబుకు ఇది ఇంకొక దెబ్బ. కాని ఆలోచించుకుంటే, మొదటి నుంచీ మళ్లీ చెప్పే అవకాశం ఉన్నట్టయింది.

ఆ తర్వాతి తెల్లవారుజామున ఆయన లేచాడు. ఎవర్నీ లేపకుండా వరండాలో కూర్చున్నాడు. ఏం చేయాలో తోచలేదు. వియ్యంకుడికి క్షమాపణ చెప్పాల్సి ఉందని గుర్తొచ్చి, వేళ చూసుకోకుండా ఫోన్ చేశాడు. యజ్ఞనారాయణ మొదటి రింగుకే ఎత్తాడు.

"మేలుకునే ఉన్నారేటండీ?"

"ఏటి చెయ్యమంటారు బావగారూ. గూడ్స్ బండికి ఏళాపాళా ఉంటాదా? నిద్ర పోయి చాలాకాలమయింది. డాబా మీద కూచున్నాను. మీ చెల్లెలు కిందికి దిగొద్దన్నాది, చప్పుడవుతాదని."

చినబాబు క్షమాపణ చెప్పాడు. యజ్ఞనారాయణ పర్లేదన్నాడు. ఆ తర్వాత ఒక రాత్రి చరోదా రైల్వే యార్డులో బండి ఆగిపోయిన సంగతి చెప్పాడు. చినబాబు ఓవెన్ తలుపు సంగతి చెప్పాడు. ఇద్దరూ గొంతు తగ్గించి, సూర్యుడు వచ్చేదాకా మాట్లాడుకున్నారు. మర్నాడు యజ్ఞనారాయణే చేశాడు.

వార్షికోత్సవం నాటికి సతీష్‌కుమార్ కూడా కోర్బా నుంచి వచ్చాడు. నాటికలో మామగారు పెళ్లాన్ని తిట్టే ఘట్టం వచ్చింది. చినబాబు వీధిలోకి నడిచి చెయ్యెత్తాడు. ఎదురుగా మొదటి వరుసలో సింహాచలమ్మ, రోహిణి కూర్చున్నారు. చెయ్యి అలాగే ఉండిపోయింది. తెర పక్కనుంచి శౌరి డైలాగు అందించాడు. మళ్లీ అందించాడు.

"నాకు తెలీదు" అన్నాడు చినబాబు జనంతో. "అడిగొస్తాను." అని రంగస్థలం మీది రెండో తలుపు తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

జనం విరగబడి నవ్వారు. నాటిక అక్కడితో సగంలో ఆగిపోయింది. ముందుగానే కాపురం నిలబడిపోయాక మిగతాది ఆడటానికి ఏమీ మిగల్లేదని శౌరి తర్వాత ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆదివారం భోజనాల దగ్గర సతీష్‌కుమార్, జరిగిందేమిటో తనకెవరూ చెప్పలేదని ఫిర్యాదు చేశాడు. తండ్రి ఒకలాగ చెప్పాడు, తల్లి ఇంకొకలాగ చెప్పింది. రెండూ విని అతను భార్య వైపు తిరిగాడు.

"రోజూ ఫోన్లో మాట్లాడావు కదా. శనివారాలు నేనిక్కడే ఉన్నాను కదా. నాతో ఒక్కమాట అనొచ్చు కదా?"

"అందామనే అనుకున్నాను" అంది రోహిణి. "ఆదివారం పొద్దున మావయ్యగారు తలుపు కొట్టినప్పుడల్లా మీ వైపు చూసేదాన్ని. మీరు అంత హాయిగా నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు."

సతీష్‌కుమార్ కొంచెంసేపు ఆలోచించి, పప్పు వేయమన్నాడు.